ఛార్జి ఎవరికి అప్పజెప్పారు?

(ఢిల్లీ కంటోన్మెంటులో జరిగిన మన సంఘం ఉగాది వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, వేదికనలంకరించిన పెద్దలకు, యూనిఫాంలో ఉన్న తమ్ముళ్ళకు, యూనిఫాం విప్పేసిన నాబోటి వాళ్ళకు, పొద్దున్నే లేచి పచ్చడి కలిపి, పిల్లల్ని తయారుచేసి తీసుకొచ్చిన అక్కచెల్లెళ్ళకు నమస్కారం.

కార్యదర్శిగారు నాకు ఫోన్ చేసి "సుబేదార్ సాబ్, ఈసారి పదిమందికీ పనికొచ్చే విషయం ఏదైనా మాట్లాడండి" అన్నారు. పెన్షన్ గురించి, ఈసీహెచ్ఎస్ గురించి మాట్లాడేవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. నేను 28 ఏళ్ళు ఆర్వీసీలో డ్రెస్సర్‌గా చేసినవాణ్ణి. గుర్రాలకీ, కంచరగాడిదలకీ, కుక్కలకీ కట్లు కట్టడం తప్ప నాకు వేరే విద్య రాదు. అందుకని "మనం పోయాక మన కుక్క సంగతేమిటి అనే విషయం మాట్లాడతాను" అన్నాను. ఆయన ఓ నిమిషం ఊరుకుని, "పండగపూట పోవడం గురించి ఎందుకండీ" అన్నారు.

పోవడం గురించి మాట్లాడటానికి ఫౌజీకి ముహూర్తం ఏమిటండీ? భర్తీ అయిన కొత్తలోనే మన చేత నెక్స్ట్ ఆఫ్ కిన్ పేరు రాయించుకున్నారు. పంతొమ్మిదేళ్ళ వాణ్ణి, మీసాలు సరిగ్గా రాలేదు, మా అమ్మ పేరు రాసి సంతకం పెట్టాను. అప్పుడు లేని భయం 73 ఏళ్ళు వచ్చాక ఎందుకు?

ఇంకో సంగతి కూడా మనకు అలవాటే. స్టోరులో ఉన్న బకెట్లూ తాడులతో సహా లెక్క రాసి, కొత్తవాడి చేత సంతకం పెట్టించి, హ్యాండింగ్ ఓవర్ అయ్యాకే మనం యూనిట్ వదిలేవాళ్ళం. ఒక్క కంబళి తగ్గితే మూవ్‌మెంట్ ఆర్డర్ చేతికి రాదు. అలాంటి మనం ఇంట్లో ప్రాణమున్న జీవిని పెట్టుకుని, ఛార్జి ఎవరికీ అప్పజెప్పకుండా పోతున్నాం. పెళ్ళి చేసుకుంటే పార్ట్ టూ ఆర్డర్లో పడుతుంది, బిడ్డ పుడితే పడుతుంది. కుక్క పడదు కదా, అందుకని దాని సంగతి ఎవరికీ గుర్తుండదు.

మా శ్రీకాకుళం జిల్లా పల్లెలో ఈ బాధ లేదు. మా తాత పోతే పాడి ఆవు పంపకాల్లో మా పెదనాన్నకి వెళ్ళింది. ఎడ్లు మా నాన్నకి వచ్చాయి. కుక్క మాత్రం ఎవరి వాటాలోకీ రాలేదు, రానక్కర్లేకపోయింది. అది మా ఇంట్లో ఓ ముద్ద, పక్కింట్లో ఓ ముద్ద తిని వీధి అరుగు మీద పడుకునేది. తాత పోయాక కూడా అలాగే పడుకుంది. దానికి యజమాని ఊరంతా.

ఇక్కడ ద్వారకలో, మూడో అంతస్తు ఫ్లాటులో ఉన్న కుక్కకి యజమాని ఒక్కడే. గొళ్ళెం తీసేది ఆయనే, గిన్నెలో పోసేది ఆయనే, కిందికి తీసుకెళ్ళేది ఆయనే. ఆ ఒక్కడూ పోతే దానికి తలుపు కూడా తెరుచుకోదు.

నేను ఈ మాట ఊరికే అనడం లేదు. నా మిత్రుడొకాయన, ఎయిర్‌ఫోర్సులో వారెంట్ ఆఫీసర్‌గా రిటైరైనాయన, మా బ్లాకు వెనకాల ఉండేవారు. నాకంటే నాలుగేళ్ళు పెద్ద. నేను అన్నగారూ అనేవాణ్ణి, ఆయన తమ్ముడూ అనేవారు. వదినగారు పోయాక ఆయనకి తోడు జిమ్మీ ఒక్కటే. తెల్ల స్పిట్జ్, మనవాళ్ళు పొమేరియన్ అంటారే, అది. పిల్లలిద్దరూ దూరం, కొడుకు అమెరికాలో, కూతురు బెంగుళూరులో. సాయంత్రం పార్కు బెంచీ మీద కూర్చుని ఒకరోజు ఆయన అడిగారు, "తమ్ముడూ, నేను పోతే దీన్ని నువ్వు తీసుకుంటావా?" అని. నేను నవ్వి, "ముందు మీరే పోతారని ఎవరు చెప్పారు అన్నగారూ, క్యూ ఎక్కడుందో చూపించండి" అన్నాను. ఆయన కూడా నవ్వారు. మళ్ళీ అడగలేదు. నేను సరే అననూ లేదు, కాదు అననూ లేదు. నాకు ఇప్పటికీ గుర్తొచ్చేది ఆ నవ్వే.

2017 జనవరిలో ఆయనకి గుండెపోటు వచ్చింది. రాత్రికి రాత్రి ఆస్పత్రి, తెల్లారేసరికి అయిపోయింది. పిల్లలొచ్చారు, చుట్టాలొచ్చారు. ఇంట్లో కార్యక్రమాలు, మడి, వంట. కుక్క అడ్డం వస్తోందని ఎవరో దాన్ని డాబా మీద నీళ్ళ ట్యాంకు పక్కన కట్టేశారు. ఢిల్లీ జనవరి చలి మీకు తెలుసు. నేను రోజూ వెళ్తూనే ఉన్నాను, సామాన్లు మోస్తూనే ఉన్నాను. పైనుంచి అది మొరగడం విన్నాను. పదకొండో రోజు అయ్యాక చూద్దాంలే అనుకున్నాను. 28 ఏళ్ళు పశువులకి సేవచేసిన మనిషిని, మెట్లెక్కి ఓ గోనెపట్టా వెయ్యలేదు. నాలుగోరోజు మా ఆవిడ వెళ్ళి, పట్టా వేసి, పెరుగన్నం పెట్టి వచ్చింది. "మీరు వెళ్ళలేదా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

ఆ అబ్బాయికి సెలవు పదిహేను రోజులే. ఫ్లాటు తాళం వెయ్యాలి. ఫామ్‌హౌసు ఉందని చెప్పిన ఒకాయనకి జిమ్మీని ఇచ్చేశాడు. అతను చెడ్డవాడు కాదు, ఏం చెయ్యాలో తెలియనివాడు. నేను రెండు నెలలాగి అడ్రసు కనుక్కుని వెళ్ళాను. అక్కడ ఇనుప గొలుసు ఉంది, జిమ్మీ లేదు. ఎప్పుడు పోయింది, ఎటు పోయింది అంటే ఎవరూ సరిగ్గా చెప్పలేదు. అడగాల్సినప్పుడు అడగని మనిషికి అప్పుడు గట్టిగా అడిగే హక్కు కూడా లేదనిపించి వచ్చేశాను.

సరే, అది నా కథ. ఇప్పుడు చట్టం సంగతి. నేను వకీలుని కాను, మన సంఘంలోనే ఉన్న వకీలుగారికి చూపించి మరీ చెబుతున్నాను.

మన చట్టం దృష్టిలో కుక్క ఒక చరాస్తి. కుర్చీ లాంటిది, స్కూటర్ లాంటిది. చరాస్తి పేరున ఇంకో ఆస్తి రాయలేం. "నా బంటీకి రెండు లక్షలు" అని వీలునామాలో రాస్తే బంటీ వచ్చి తీసుకోలేదు. అమెరికా వేరు. అక్కడి రాష్ట్రాల్లో పెంపుడు జంతువుల కోసం ట్రస్టు పెట్టుకునే చట్టాలున్నాయి. 2007లో పోయిన లియోనా హెల్మ్‌స్లీ అనే హోటళ్ళ యజమానురాలు తన కుక్కకి 1 కోటి 20 లక్షల డాలర్లు రాసింది. కోర్టువారు మరీ ఇంత ఎందుకని దాన్ని 20 లక్షలకు తగ్గించారు. మనకి అంత బాధ లేదు లెండి. మన దగ్గర 2024 అక్టోబరులో రతన్ టాటా గారు పోయాక, తన కుక్క టిటోని జీవితాంతం చూసుకునే ఏర్పాటు వీలునామాలో రాశారనీ, ఆ బాధ్యత తన వంటమనిషికి అప్పగించారనీ పత్రికల్లో వచ్చింది. ఎన్ని కంపెనీలున్నా ఆయన కుక్కని కంపెనీకి అప్పజెప్పలేదు చూడండి. దానికి రోజూ కనిపించే మనిషికి అప్పజెప్పారు. ఆ వార్త చదివి నేను కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివాను.

కాబట్టి మనం రాయవలసింది కుక్కకి కాదు, మనిషికి. "నా కుక్కను ఫలానావారికి ఇస్తున్నాను. దాని పోషణ కోసం ఇంత సొమ్ము వారికి ఇస్తున్నాను. వారు తీసుకోలేని పక్షంలో కుక్క, సొమ్ము రెండూ ఫలానా రెండోవారికి చెందాలి." ఇంతే. వీలునామాకి స్టాంపు కాగితం అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయిస్తే మంచిది. సాక్షులు ఇద్దరు మాత్రం కచ్చితంగా ఉండాలి. కుక్కను తీసుకునే మనిషినే సాక్షిగా పెట్టకండి, రేపు ఎవరైనా వేలెత్తి చూపిస్తారు. యుద్ధంలో ఉన్న సైనికుడి వీలునామాకి 1925 వారసత్వ చట్టంలో ప్రత్యేకమైన వెసులుబాటు ఉందని కొందరు చెబుతుంటారు. ఇంట్లో కూర్చుని టీవీలో సీరియల్ చూసే మనకి అది వర్తించదు. మామూలుగానే రాయాలి.

నామినీ సంగతి కూడా చాలామంది పొరబడతారు. బ్యాంకులో నామినీ అంటే సొమ్ము తీసుకుని వారసులకి అందజేయవలసిన మనిషే గానీ దానికి సొంతదారు కాడు. కుక్క కోసం విడిగా ఓ ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసి, చూసుకునేవాళ్ళని నామినీగా పెట్టి అయిపోయిందనుకోకండి. వీలునామాలోనూ అదే మాట ఉండాలి. లేకపోతే పాపం వాళ్ళు మీ పిల్లల ముందు దొంగల్లా నిలబడాలి.

ఎంత సొమ్ము అంటారా? నా లెక్క నేను చెబుతాను, మీది మీరు వేసుకోండి. మా బంటీ లాబ్రడార్, తొమ్మిదేళ్ళది. తిండికి, ఏటా వేసే రేబీస్ టీకాకి, మూడునెలలకోసారి నులిపురుగుల మందుకి అన్నీ కలిపి నెలకి నాలుగువేలు అవుతోంది. లాబ్రడార్ మామూలుగా పది, పన్నెండేళ్ళు బతుకుతుంది. ఇంకో నాలుగేళ్ళనుకుందాం, 1,92,000. ముసలితనంలో కీళ్ళనొప్పులూ కణుతులూ వస్తాయి, దానికో యాభైవేలు. రెండున్నర లక్షలు పక్కనబెట్టాను. పెన్షన్ మనతోనే ఆగిపోతుంది. ఫ్యామిలీ పెన్షన్‌కి కుక్క అర్హురాలు కాదు, నేను రూల్సన్నీ చూశాను.

మావాడు, గుర్గావ్‌లో ఉంటాడు, ఈ కాగితం చూసి "నాన్నా, మా గురించి ఓ పేజీ, బంటీ గురించి రెండు పేజీలా?" అన్నాడు. "మీకు నోరుంది కదరా, అడిగి తీసుకుంటారు" అన్నాను.

అయితే వీలునామా అనేది నిదానంగా జరిగే వ్యవహారం. పన్నెండోరోజో పదమూడోరోజో గాని బీరువా తియ్యరు. కుక్కకి ఆకలి మొదటిరోజే వేస్తుంది. జిమ్మీ డాబా మీద ఉన్నది ఆ మొదటి నాలుగు రోజులూ. దానికోసం వేరే కాగితం కావాలి. నా పర్సులో ఈసీహెచ్ఎస్ కార్డు వెనకాల ఓ చీటీ ఉంటుంది: "మా ఇంట్లో కుక్క ఉంది. ఈ నంబరుకి ఫోన్ చెయ్యండి." ఫ్రిజ్ తలుపు మీద ఇంకొకటి అంటించాను. అది ఏం తింటుంది, ఎన్నిసార్లు, ఏ మందు, డాక్టరు ఎవరు, దేనికి భయపడుతుంది. మా బంటీకి దీపావళి బాంబులంటే భయం, మంచం కింద దూరుతుంది. గ్యాసు సిలిండర్ తెచ్చే అబ్బాయంటే ఎందుకో పడదు. ఇవన్నీ రాశాను. టీకాల పుస్తకం, మున్సిపల్ కార్పొరేషన్ రిజిస్ట్రేషన్ కాగితం కూడా ఆ కవర్లోనే. ఢిల్లీలో కుక్కకి రిజిస్ట్రేషన్ తప్పనిసరి అన్న సంగతి మనలో సగంమందికి గుర్తులేదు. ఇంటి తాళంచెవి ఒకటి చూసుకునే వాళ్ళ దగ్గర ఉండాలి. ఇది అన్నిటికంటే ముఖ్యం. ఆసుపత్రిలో పదిరోజులు పడుకున్నా ఇదే పనికొస్తుంది, దీనికి చావక్కర్లేదు.

అసలు కష్టమైనది మనిషిని ఒప్పించడం. నేను ముందు మా కోడల్ని అడిగాను. ఆ పిల్ల మొహమాటం లేకుండా చెప్పింది, "మామయ్యగారూ, చిన్నవాడికి ఆయాసం ఉంది, నేను పెట్టుకోలేను" అని. నాకు ఆ క్షణం మనసు చివుక్కుమంది. తరవాత ఆలోచిస్తే, నేను అన్నగారి దగ్గర నవ్వి దాటేసినదానికంటే ఈ పిల్ల ఎంత మంచిపని చేసింది! కాదు అన్నది కాబట్టి ఇంకోచోట వెతుక్కున్నాను.

కింది అంతస్తులో ఉన్న ఓ కుర్రాడు "అంకుల్, నేనున్నాగా" అన్నాడు. బంటీతో రోజూ ఆడేవాడు కూడా. మన పద్ధతి ప్రకారం రిహార్సల్ లేకుండా ఏ పనీ చెయ్యం కదా, మా చెల్లెలి ఇంట్లో గృహప్రవేశమని పదిరోజులు ఊరెళ్తూ బంటీని వాడి దగ్గర వదిలాను. నాలుగోరోజుకి ఫోను. "అంకుల్, రాత్రంతా తలుపు దగ్గర కూర్చుని ఏడుస్తోంది, మా ఇంటి ఓనరు గొడవ చేస్తున్నాడు, ఎప్పుడొస్తారు?" నేను రైలెక్కి వచ్చేశాను. నేను బతికుండగా ఆ ఫోను వచ్చింది కాబట్టి సరిపోయింది.

ఇప్పుడు ఒప్పుకున్నావిడ మిలిటరీ నర్సింగ్ సర్వీసులో చేసి రిటైరైన సిస్టర్‌గారు, మా పక్క బ్లాకే. నాకంటే పదిహేనేళ్ళు చిన్న. రెండేళ్ళుగా ఆదివారాలు బంటీ వాళ్ళింట్లోనే ఉంటుంది. దాని పాత దుప్పటి ఒకటి అక్కడే పెట్టాం. మొన్న నాకు కంటి ఆపరేషనయితే వారం రోజులు అక్కడే ఉంది, రెండోరోజుకే గిన్నె ఖాళీ చేసిందట. ఆవిడ కూడా తన కాగితంలో నా పేరు రాసుకుంది, వాళ్ళ పిల్లి కోసం. నాకు పిల్లులంటే అంత ఇష్టం లేదు. అయినా సంతకం పెట్టాను.

కొత్త ఇంటికి వెళ్ళిన కుక్క రెండుమూడు రోజులు సరిగ్గా తినకపోవచ్చు, కంగారుపడకండి. నీళ్ళు కూడా ముట్టకపోతే మాత్రం ఆలస్యం చెయ్యకుండా డాక్టరుకి చూపించండి. తిండి ఒక్కసారిగా మార్చకండి, వారం పదిరోజుల్లో పాతది తగ్గిస్తూ కొత్తది పెంచండి. మన పాత చొక్కా ఉతక్కుండా ఒకటి దాని పక్కలో వెయ్యండి. యూనిట్లో కొత్త హ్యాండ్లర్ వచ్చినా ఇదే పద్ధతి, పాతవాడు కొన్నాళ్ళు పక్కనే ఉండి, కుక్క కొత్తవాడి మాట వినడం మొదలుపెట్టాకే వెళ్తాడు. 2023 సెప్టెంబరులో రాజౌరీలో హ్యాండ్లర్‌ని కాపాడుతూ కెంట్ అనే లాబ్రడార్ ప్రాణం ఇచ్చింది, దేశమంతా చెప్పుకుంది. హ్యాండ్లరే ముందు పోతే కుక్కని చూసుకోవడానికి అక్కడ యూనిట్ ఉంది, ఇంకో హ్యాండ్లర్ ఉన్నాడు. ఇంట్లో మనకి ఆ యూనిట్ లేదు, మనమే తయారుచేసుకోవాలి.

ఒక మాట చెప్పడానికి నాకు కష్టంగా ఉంది, అయినా చెబుతాను. కొందరు పెద్దవాళ్ళు నన్ను రహస్యంగా అడుగుతారు, "నేను పోతే దానికో ఇంజక్షన్ ఇప్పించెయ్యండి, వేరేవాళ్ళ దగ్గర బాధపడకుండా" అని. నా సర్వీసు రోజుల్లో పనికిరాని ముసలి కుక్కలకి ఆ పని జరిగేది. నేను వాటిని పట్టుకున్నాను. ఇంజక్షన్ ఇచ్చేది డాక్టర్‌సాబ్, తల ఒళ్ళో పెట్టుకునేది నేను. అవి చివరిదాకా తోక ఊపేవి. 2015 ప్రాంతంలో ఆ విషయం పత్రికలకీ, ఢిల్లీ హైకోర్టుకీ వెళ్ళాక పద్ధతి మారింది. ఇప్పుడు రిటైరైన సైనిక కుక్కల్ని పెంచుకోవడానికి ఇస్తున్నారు, మీరట్‌లో వాటికి విశ్రాంతి గృహం కూడా ఉంది. నయంకాని బాధతో ఉన్న జంతువుకి డాక్టరు చేసే పని వేరు. ఆరోగ్యంగా ఉన్నదాన్ని మన దుఃఖానికి తోడు పంపించమని నన్ను అడగకండి. నేను చెయ్యను.

ఇక వీధిలో వదిలెయ్యడం. 1960 జంతుహింస నిరోధక చట్టం ప్రకారం ఆకలిదప్పులకి గురయ్యేలా జంతువుని వదిలెయ్యడం నేరం. జరిమానా మాత్రం మొదటి తప్పుకి యాభై రూపాయలు మించదు, క్యాంటీన్లో ఓ సబ్బు పెట్టె ఖరీదు. ఇంట్లో పెరిగిన కుక్క రోడ్డు మీద వారం బతకడం గొప్ప. వీధికుక్కలు దాన్ని దగ్గరికి రానివ్వవు.

పక్షులు పెంచేవాళ్ళకి రెండు ముక్కలు. మన రామచిలకని పంజరంలో పెట్టడమే వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం, నక్షత్ర తాబేలు కూడా అంతే, వాటిని ఇంకొకరికి రాసివ్వడం కుదరదు. ఆఫ్రికన్ గ్రే లాంటి విదేశీ చిలకలకి 2024 నియమాల ప్రకారం పరివేశ్ పోర్టల్‌లో రిజిస్ట్రేషన్ ఉండాలి, చేతులు మారితే అక్కడ తెలపాలి. ఆ చిలకలు నలభై, యాభై ఏళ్ళు బతుకుతాయి. అరవయ్యో ఏట కొనేవాళ్ళు మనవడి సంతకం కూడా తీసుకోండి.

సర్వీసులో ఉన్న తమ్ముళ్ళూ, ఇది ముసలాళ్ళ గోల అనుకోకండి. మీరు ఫీల్డులో, భార్యాపిల్లలు సెపరేటెడ్ ఫ్యామిలీ క్వార్టర్లో, కుక్క వాళ్ళతో. జరగరానిది జరిగితే ఆ అమ్మాయి క్వార్టర్ ఖాళీ చేసి పుట్టింటికి వెళ్ళాలి. అక్కడ కుక్కని రానిస్తారా లేదా అన్నది ఇప్పుడే మీ అత్తగారిని అడగండి. రైల్లో తీసుకెళ్ళాలంటే ఫస్ట్ ఏసీలో కూపే మొత్తం బుక్ చేసుకోవాలి, లేదా గార్డు బోగీలో డాగ్ బాక్సులో పెట్టాలి. మే నెలలో ఆ పెట్టెలో ఢిల్లీ నుంచి విజయవాడ దాకా పంపించకండి, నా మాట వినండి. ధర్మరాజుగారు కుక్కని వెంటబెట్టుకుని స్వర్గం గుమ్మం దాకా నడిచారు, ఆయనకి రిజర్వేషన్ బాధ లేదు.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. ఫ్రిజ్ మీద అంటించే కాగితం నమూనా ఒకటి తెలుగులో, ఒకటి హిందీలో రాసి ఓ నలభై కాపీలు తీయించి తెచ్చాను, భోజనాల దగ్గర మా ఆవిడ పంచుతుంది. రెండోవరుసలో చూసుకునేవారి పేరు అని ఖాళీ ఉంటుంది. ఆ మనిషి ఈ హాల్లోనే ఉంటే పులిహోర తినేలోపే అడిగెయ్యండి. వాళ్ళు నవ్వి ఊరుకుంటే మళ్ళీ అడగండి.

జై హింద్.